దోర్నకల్ అజరయ్య గారు: మన యవ్వనస్థులకు ఒక సేవకుని జీవితం



స్కూళ్ళకు పెద్ద సెలవులు దగ్గర పడుతున్నాయంటే మన ఫెలోషిప్‌లన్నిటిలో ఒకే చర్చ మొదలవుతుంది. ఈసారి మన యూత్ ఏ సేవ చేయాలి? ఫుడ్ బ్యాంకులో డబ్బాలు సర్దాలా, వృద్ధాశ్రమానికి వెళ్ళి పాటలు పాడాలా, పార్కు శుభ్రం చేయాలా, చిన్న తరగతుల పిల్లలకు లెక్కలు చెప్పాలా? యూత్ లీడర్ ఒక లిస్టు తయారు చేస్తాడు. పిల్లలు పేర్లు ఇస్తారు. ఎన్ని గంటలకు సర్టిఫికెట్ ఇస్తారని తల్లిదండ్రులు అడుగుతారు. అలా అడగడంలో తప్పు లేదు. పిల్లల చదువులకు ఆ గంటలు అవసరమే. కానీ గంటలు నిండి, ఫోటోలు దిగి ఇంటికి వచ్చాక, మనం ఎవరికి సేవ చేశామో వాళ్ళలో ఒక్కరి పేరైనా మనకు గుర్తుంటుందా? వాళ్ళకు మన పేరు తెలుసా?

ఈ ప్రశ్న గురించి ఆలోచించడానికి మనకు సాయపడే ఒక జీవితం ఉంది. ఆయన పేరు మన పెద్దవాళ్ళకు బాగా తెలుసు. విజయవాడలో ఆయన పేరుతో ఆడపిల్లల హైస్కూలు ఉంది. దోర్నకల్‌లో ఆయన కట్టించిన పెద్ద గుడి ఉంది. మన తాతముత్తాతల్లో ఎంతోమంది ఆయన చేతుల మీదుగా నిర్ధారణ పొందారు. అయినా విదేశాల్లో పుట్టి పెరిగిన మన పిల్లలు ఆ పేరు వినే ఉండరు. ఆయనే బిషప్ వేదనాయకం సామ్యేల్ అజరయ్య గారు. ఆయనను బిషప్‌గా గుర్తుపెట్టుకున్నవాళ్ళు కూడా, ఆయన మొదట యవ్వనస్థుల మధ్య పనిచేసిన ఒక యువకుడని మరచిపోతుంటారు.

తల్లి ప్రార్థన, తీసుకోని పట్టా

అజరయ్య గారు తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న తమిళనాడు దక్షిణ కొసన, ఇప్పటి తూత్తుకుడి జిల్లాలోని వెళ్ళాలన్‌విళై అనే చిన్న ఊరిలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయకం గారు ఆ పల్లెలో సంఘ గురువు. ఒక కూతురు పుట్టాక చాలా ఏళ్ళు ఎదురుచూసి, ప్రార్థించి కన్న కొడుకు కాబట్టి, హన్నా కొడుకు పేరు మీదుగా సామ్యేల్ అని పేరు పెట్టి ప్రభువుకు ప్రతిష్ఠించారు. ఆయన బాలుడిగా ఉన్నప్పుడే తండ్రి చనిపోయారు. తల్లి భక్తితో, క్రమశిక్షణతో పెంచింది.

మెఘ్ఞానపురంలో, తిరునెల్వేలిలో మిషను బడుల్లో చదివి, తరువాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరారు. చదువులో వెనకబడినవారేమీ కాదు. కానీ చివరి పరీక్షల సమయంలో జబ్బు చేసింది. పట్టా చేతికి రాకుండానే కాలేజీ వదిలేశారు. ఆ కాలంలో డిగ్రీ ఉంటే ప్రభుత్వ ఉద్యోగం, గౌరవం, మంచి జీతం వచ్చేవి. పరీక్ష మళ్ళీ రాసుకోవచ్చు. ఆయన రాయలేదు. 1895లో, ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో, వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా పనిలోకి దిగారు. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చిందన్నది నిజమే. కానీ ఇరవై ఒక్క ఏళ్ళప్పుడు ఆయనకు ఆ సంగతి తెలియదు కదా.

వై.ఎం.సి.ఏ. అంటే ఈరోజు మనలో చాలామందికి ఈతకొలను, జిమ్ గుర్తుకొస్తాయి. 1844లో లండన్‌లో జార్జి విలియమ్స్ అనే యువకుడు బట్టల కొట్లో తనతో పనిచేసే కుర్రవాళ్ళను ప్రార్థనకు, బైబిలు పఠనకు కూర్చోబెట్టడంతో అది మొదలైంది. పల్లె నుంచి పెద్ద నగరానికి వచ్చి, ఇల్లూ వాకిలీ లేక, తోడు లేక ఉన్న యువకులకు అది ఆసరా అయింది. అజరయ్య గారు పద్నాలుగేళ్ళ పాటు దక్షిణ భారతమంతా తిరిగి అలాంటి యువకుల మధ్యనే పనిచేశారు. హాస్టళ్ళలో కూర్చుని మాట్లాడారు, బైబిలు తరగతులు పెట్టారు, సువార్త పనికి కదిలించారు. అక్కడే షెర్‌వుడ్ ఎడ్డీ అనే అమెరికన్ యువకుడితో స్నేహం కుదిరింది. ఒకరు పాలించే జాతివారితో కలిసి తిరిగే తెల్లవాడు, ఇంకొకరు తిరునెల్వేలి పల్లె గురువు కొడుకు. ఇద్దరూ కలిసి ప్రయాణం చేశారు, కలిసి తిన్నారు, ఒకరి తప్పు ఒకరు చెప్పుకున్నారు. ఆ స్నేహం అజరయ్య గారి జీవితమంతా నిలిచింది. స్నేహం ఎలా ఉంటుందో రుచి చూసినవారు గనుకనే, అది లేని చోట ఆ లోటు ఆయనకు వెంటనే తెలిసేది.

1898లో అన్బు మరియమ్మాళ్ గారిని పెళ్ళి చేసుకున్నారు. ఆ ప్రాంతపు క్రైస్తవ స్త్రీలలో కాలేజీ చదువు చదివిన తొలితరం ఆమె. తరువాతి కాలంలో దోర్నకల్‌లో స్త్రీల మధ్య జరిగిన పనికి ఆమే వెన్నెముక.

జాఫ్నాలో కలిగిన సిగ్గు

1902లో అజరయ్య గారు సిలోనులోని జాఫ్నా వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ చందాలతో, తమ మనుషులను సముద్రం దాటించి, భారతదేశంలో సువార్త అందని చోటికి పంపుతున్నారని చూశారు. అది చూసి ఆయన సంతోషించారు, సిగ్గుపడ్డారు కూడా. తిరునెల్వేలి సంఘానికి నూరేళ్ళ చరిత్ర ఉంది. గుడులు, బడులు, చదువుకున్న కుటుంబాలు ఉన్నాయి. కానీ అప్పటిదాకా విదేశాల నుంచి వచ్చినవాళ్ళు తమకు చేయడమే తప్ప, తాము ఇంకొకరికి చేద్దామని ఆ సంఘం బయలుదేరింది లేదు.

ఇంటికి తిరిగి వచ్చి ఊరుకోలేదు. తోటి యువకులను, గురువులను కూడగట్టి, 1903 ఫిబ్రవరిలో తిరునెల్వేలి భారత మిషనరీ సంఘాన్ని ప్రారంభించారు. దానికి మూడు నియమాలు పెట్టుకున్నారు. డబ్బు భారతీయులదే, మనుషులు భారతీయులే, నడిపించేదీ భారతీయులే. 1905 క్రిస్మస్ రోజున బెంగాల్‌లోని సేరంపూరులో, విలియం కేరీ పనిచేసిన చోట, వివిధ సంఘాల భారతీయ క్రైస్తవులు కలిసి జాతీయ మిషనరీ సంఘాన్ని స్థాపించినప్పుడు కూడా అజరయ్య గారు ముందు వరుసలో ఉండి, కార్యదర్శి బాధ్యత తీసుకున్నారు. అప్పటికి ఆయన వయసు ముప్పై ఒకటి.

తిరునెల్వేలి సంఘం తమ మొదటి సేవకులను ఎక్కడికి పంపాలా అని వెతికింది. దొరికిన చోటు నిజాం రాజ్యంలోని వరంగల్ వైపు ప్రాంతం. దాని మధ్యలో ఒక చిన్న రైల్వే జంక్షన్, దోర్నకల్. ఖమ్మం నుంచి రైల్లో కాజీపేట వైపు వెళ్ళినవాళ్ళు ఆ స్టేషను చూసే ఉంటారు. ఇప్పుడు అది తెలంగాణలో మహబూబాబాద్ జిల్లాలో ఉంది. అప్పట్లో చుట్టూ అడవి, దూరదూరంగా పల్లెలు, చదువు లేని పేదజనం.

అజరయ్య గారు ఊరూరా తిరిగి, తెలుగు దేశానికి వెళ్ళడానికి ఎవరు సిద్ధం అని యువకులను అడుగుతూ వచ్చారు. అలా అడుగుతుంటే ఒక ప్రశ్న ఆయనకే ఎదురు తిరిగింది. ఇతరులను వెళ్ళమంటున్న నేను ఎందుకు వెళ్ళను? భార్యాపిల్లలున్నారు, పేరున్న ఉద్యోగం ఉంది, దేశమంతా పరిచయాలున్నాయి. అవన్నీ ఉండగానే 1909లో గురువుగా అభిషేకం పొంది, దోర్నకల్‌కు సాధారణ మిషనరీగా బయలుదేరారు.

అ ఆల నుంచి మొదలు

దోర్నకల్‌లో ఆయనకు బంగళా సిద్ధంగా లేదు. మొదట్లో గుడారంలో ఉన్నారు. తమిళంలో, ఇంగ్లీషులో ధారాళంగా ప్రసంగించగల మనిషి ఇక్కడ నోరు తెరిస్తే ఎవరికీ అర్థం కాదు. ముప్పై అయిదేళ్ళ వయసులో తెలుగు అక్షరాలు దిద్దడం మొదలుపెట్టారు.

విదేశాల్లో తెలుగు నేర్చుకోవడానికి మన పిల్లలు పడే అవస్థ మనకు తెలుసు. పలికినది తప్పైతే ఎవరైనా నవ్వుతారేమోనని భయపడతారు. అజరయ్య గారికీ ఆ భయం ఉండకపోదు. కానీ ఎవరి మధ్య ఉండాలనుకున్నారో వాళ్ళ మాట నేర్చుకోకుండా వాళ్ళకు దగ్గర కాలేనని ఆయనకు తెలుసు. నేర్చుకున్నారు. తెలుగులో ప్రసంగించారు, తెలుగులో పాఠాలు చెప్పారు. విదేశీ రాగాలను తెలుగు మాటల్లో ఇరికించడం కాకుండా, మన రాగాల్లో, మన తాళాలతో కీర్తనలు, భజనలు పాడుకోమని సంఘాలను ప్రోత్సహించారు.

ఎడిన్‌బరోలో చెప్పిన చేదు మాట

దోర్నకల్‌కు వచ్చిన మరుసటి ఏడాది, 1910 జూన్‌లో, స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. దాదాపు 1,200 మంది ప్రతినిధులు వచ్చారు. వాళ్ళలో ఆసియా ఖండంవాళ్ళు ఇరవై మంది కూడా లేరు. ఆ కొద్దిమందిలో అజరయ్య గారు ఒకరు. విదేశీ మిషనరీలకు, స్వదేశీ సేవకులకు మధ్య సహకారం గురించి మాట్లాడమని ఆయనను అడిగారు.

అంత పెద్ద సభలో, తనను ఆహ్వానించినవాళ్ళ ముందు, ఆయన మర్యాదకు నాలుగు మంచి మాటలు చెప్పి కూర్చోవచ్చు. అలా చేయలేదు. మిషనరీల త్యాగానికి భారత సంఘం కృతజ్ఞతతో ఉంటుందని ఒప్పుకున్నారు. ఆ తరువాత అసలు సంగతి చెప్పారు. ఏళ్ళ తరబడి ఒకే చోట పనిచేసినా, తమ తోటి భారతీయ సేవకుణ్ణి ఒక్కసారైనా ఇంటికి భోజనానికి పిలవని మిషనరీలున్నారని చెప్పారు. పెద్దరికం ఉంది, దయ ఉంది, దానం ఉంది, లేనిది స్నేహమేనని చెప్పి, మీ నుంచి మేము కోరేది ఆ స్నేహమేనని ముగించారు.

సభలో కలకలం రేగింది. కొందరికి కోపం వచ్చింది, కొందరు తలలు దించుకున్నారు. ఆ మహాసభలో జరిగిన ప్రసంగాలన్నిటిలో ఈనాటికీ ఎక్కువగా గుర్తున్నది ఆ యువ తమిళ గురువు మాటే. ఆయన ద్వేషంతో మాట్లాడలేదు. ఎడ్డీ లాంటి స్నేహితుణ్ణి ఎరిగిన మనిషి అది అందరికీ కావాలని అడిగారు.

మన యూత్ గ్రూపుల విషయానికి వస్తే, నాకు ఎక్కువగా తగిలేది ఇదే. ఎడిన్‌బరోలో కూర్చున్న ఆ మిషనరీలు సోమరులు కాదు, స్వార్థపరులు కాదు. ఇల్లు, దేశం, ఆరోగ్యం అన్నీ ఇచ్చి వచ్చినవాళ్ళు. అంత సేవ చేస్తూ కూడా స్నేహం చేయకుండా ఉండడం సాధ్యమేనని వాళ్ళ వల్ల తెలుస్తోంది. వాళ్ళకే అలా జరిగితే, శనివారం రెండు గంటలు వెళ్ళివచ్చే మనకు జరగదా?

పుచ్చుకున్నవాళ్ళు ఇచ్చేవాళ్ళయ్యారు

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో అజరయ్య గారు బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. అది సులువుగా జరగలేదు. ఒక భారతీయుడి కింద తెల్లవాళ్ళు పనిచేయడమా అని కొందరు విదేశీయులు అభ్యంతరం చెప్పారు. స్వదేశీ క్రైస్తవుల్లోనూ వ్యతిరేకించినవాళ్ళున్నారు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ గారు మాత్రం ఆయన పక్షాన గట్టిగా నిలబడ్డారు. మొదట దోర్నకల్ అధ్యక్ష మండలం చాలా చిన్నది. తరువాత కృష్ణా ప్రాంతంలోని సి.ఎం.ఎస్. సంఘాలు, నంద్యాల వైపు ఎస్.పి.జి. సంఘాలు కూడా అందులో చేరాయి.

ఆ సంఘాల్లో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెలవాళ్ళు. భూమి లేదు, అక్షరం లేదు. ఊరి బావిలో నీళ్ళు తోడుకునే హక్కు లేదు. అప్పు తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. అలాంటివాళ్ళకు పెట్టడమే తప్ప వాళ్ళ నుంచి ఏమి ఆశిస్తాం అని ఎవరైనా అనుకుంటారు. అజరయ్య గారు అలా అనుకోలేదు. బాప్తిస్మం తీసుకున్న ప్రతి మనిషీ సాక్షి అని ఆయన నమ్మకం. ఊళ్ళకు వెళ్ళినప్పుడు బాప్తిస్మం పొందినవాళ్ళను తలమీద చెయ్యి పెట్టుకోమని, సువార్త చెప్పడం తమ మీద ఉన్న భారమని స్వయంగా ఒప్పుకోమని చెప్పేవారు. కూలి మనిషైనా, చదువురాని ముసలమ్మైనా అందరికీ అదే.

ఏడాదిలో ఒక వారాన్ని సాక్ష్య వారంగా పెట్టారు. ఆ రోజుల్లో మామూలు విశ్వాసులు పనులు మానుకుని, కూలి పోగొట్టుకుని, చుట్టుపక్కల ఊళ్ళకు బృందాలుగా వెళ్ళేవారు. పాటలు పాడేవారు, తమ జీవితంలో ప్రభువు చేసినది చెప్పేవారు. జీతం ఇచ్చి పంపినవాళ్ళు కాదు. ఈరోజు మనం వాలంటీర్లు అంటున్నామే, వాళ్ళు అచ్చంగా అదే. రోజు కూలి పోతే ఇంట్లో పొయ్యి వెలగని మనుషులు వారం రోజులు ఇచ్చారంటే, మన శనివారం గురించి మనం మళ్ళీ ఒకసారి ఆలోచించుకోవాలి.

పేదవాడు ఇవ్వలేడన్న మాట ఆయన ఒప్పుకునేవారు కాదు. క్రైస్తవ దాతృత్వం గురించి ఒక పుస్తకమే రాశారు. వంట బియ్యంలో పిడికెడు ప్రభువు కోసం తీసి పెట్టడం మన తెలుగు సంఘాల్లో మన అమ్మమ్మలదాకా వచ్చిన అలవాటు. ఆ పిడికెడు వల్ల గురువు జీతం ఎంత తీరిందన్నది ఒక సంగతి. పెట్టిన మనిషి ఇక తనను బిచ్చగత్తెగా చూసుకోదు. అది ఇంకా పెద్ద సంగతి.

దీనితో పాటు మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగింటి మీద ఆయన పోరాటం చేశారు. పల్లె బడులు పెట్టించారు. దోర్నకల్‌లో ఉపదేశకులకు, వాళ్ళ భార్యలకు కూడా తర్ఫీదు ఇప్పించారు. భర్త బోధిస్తే సరిపోదు, ఇంటిని చూసి ఊరు నేర్చుకోవాలని ఆయన ఉద్దేశం. మాలలు, మాదిగలు విడివిడిగా కూర్చుంటే ఊరుకునేవారు కాదు. ప్రభువు బల్ల ఒకటే కాబట్టి అందరూ కలిసి రావలసిందే. ఎద్దుబండి మీద, ఒక్కోసారి సైకిలు మీద పల్లెలు తిరిగారు.

ఫలితం నెమ్మదిగా కనిపించింది. ఆయన చివరి రోజుల నాటికి అధ్యక్ష మండలంలో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. 1930ల నాటికి పై కులాల కుటుంబాలు కూడా సంఘంలోకి రావడం మొదలైంది. ఒకప్పుడు అంటరానివాళ్ళుగా చూసినవారి ఇళ్ళల్లో వచ్చిన మార్పు, తాగుడు మానడం, పిల్లలను బడికి పంపడం, శుభ్రం, వాళ్ళ కళ్ళతో వాళ్ళు చూశారు.

ఈ పని వివాదం లేకుండా సాగలేదు. పేదలను సేవ పేరుతో మతంలోకి లాగుతున్నారని గాంధీగారు మిషనరీలను విమర్శించారు. అజరయ్య గారు ఆయనతో విభేదించారు. పేదవాడికీ తన ఆత్మ గురించి తానే ఆలోచించి నిర్ణయించుకునే తెలివి, హక్కు ఉన్నాయని ఆయన వాదన. అదే సమయంలో, క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని కూడా గట్టిగా చెప్పారు. సంఘం దేశంలో తన లాభం చూసుకునే ఒక వర్గంగా మిగలకూడదని ఆయన కోరిక. మనం సేవకు వెళ్ళేటప్పుడు ఈ రెండూ గుర్తుంచుకోవాలి. అన్నం పొట్లం ఎరగా మారకూడదు. అలాగని మన విశ్వాసాన్ని దాచుకోనవసరమూ లేదు.

గుడి, సమాధి

దోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. డబ్బు చాలక కట్టడం ఏళ్ళ తరబడి సాగింది. ఇంగ్లాండు గుడి నకలు కాదది. గుమ్మటాలు మసీదును, స్తంభాలు హిందూ దేవాలయాన్ని గుర్తుచేస్తాయి, పైన సిలువ ఉంటుంది. ఈ నేల మీది కళలన్నీ క్రీస్తు పాదాల దగ్గరికి రావాలన్నది ఆయన ఆశ.

ఇంకొక ఆశ సంఘాల ఐక్యత. 1919లో తరంగంబాడిలో కొద్దిమంది గురువులు సమావేశమై, విడిపోయిన సంఘాలు ఒక్కటి కావాలని పిలుపునిచ్చినప్పుడు ఆయన నాయకుల్లో ఒకరు. మిగతా జీవితమంతా దానికోసం పాటుపడ్డారు. అది కళ్ళారా చూడలేదు. పల్లెల్లో తిరిగి జ్వరంతో పడి, 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించారు. తాను కట్టించిన గుడి పక్కనే, తాను నేర్చుకున్న భాష మాట్లాడే జనం మధ్యనే ఆయనను సమాధి చేశారు. దక్షిణ ఇండియా సంఘం, మనం సి.ఎస్.ఐ. అని పిలిచేది, 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది.

మన యూత్ గ్రూపు ఏం చేయవచ్చు

అజరయ్య గారిలా అందరమూ ఊరు వదిలి వెళ్ళనక్కర్లేదు. మనం ఇప్పటికే ఊరు వదిలి వచ్చినవాళ్ళం. ఆయన జీవితం నుంచి మన లిస్టుకు నాలుగు సంగతులు తీసుకోవచ్చు.

మొదటిది, ఒకే చోటు ఎంచుకుని నిలబడండి. ఏడాదికి పన్నెండు చోట్ల ఒక్కొక్కసారి కాకుండా, ఒకే ఫుడ్ బ్యాంకుకో, ఒకే వృద్ధాశ్రమానికో నెలకొకసారి చొప్పున ఏడాది పాటు వెళ్ళండి. మూడో నెలకు వాళ్ళు మీ కోసం ఎదురుచూస్తారు. వెళ్ళేముందు ఆ సంస్థ నియమాలు, వయసు పరిమితులు కనుక్కోండి. చిన్నవాళ్ళతో ఎప్పుడూ పెద్దవాళ్ళు ఉండాలి.

రెండోది, వాళ్ళ మాట నేర్చుకోండి. మన పక్కనే, పిల్లల దగ్గరికి వచ్చి నాలుగు గోడల మధ్య ఉండిపోయిన తెలుగు అమ్మమ్మలు, తాతయ్యలు ఉన్నారు. వాళ్ళకు ఫోను వాడడం నేర్పండి, లైబ్రరీకి తీసుకెళ్ళండి, వచ్చిన ఉత్తరాలు చదివిపెట్టండి. బదులుగా వాళ్ళు మీకు తెలుగు నేర్పుతారు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు, అక్కడి చట్టానికి, అనుమతులకు లోబడి, ఇంటికి దూరంగా ఉన్న మన కార్మిక సోదరులను సెలవు రోజున కలిసి, నాలుగు ఇంగ్లీషు లేదా అరబ్బీ మాటలు నేర్పవచ్చు. కొత్తగా వచ్చిన శరణార్థి పిల్లలున్న ఊళ్ళల్లో హోంవర్కుకు సాయం చేయవచ్చు.

మూడోది, కలిసి తినండి. ఎడిన్‌బరోలో ఆయన అడిగింది ఇదే కదా. వడ్డించి వెనక్కి వెళ్ళి నిలబడకుండా, పళ్ళెం పట్టుకుని వాళ్ళ పక్కన కూర్చోండి. పేరు అడగండి, మీ పేరు చెప్పండి. వచ్చే నెల పేరు పెట్టి పిలవండి.

నాలుగోది, వాళ్ళనూ సేవకు పిలవండి. మీరు హోంవర్కు చెప్పిన అబ్బాయి వచ్చే ఏడాది చిన్నపిల్లలకు చెప్పగలడు. వృద్ధాశ్రమంలోని ఒక రిటైర్డ్ టీచరు మీకే పాఠం చెప్పగలరు. మీరు దర్శించిన తాతగారు మీ పరీక్షల కోసం రోజూ ప్రార్థన చేయగలరు. అడిగి చూడండి. అడగడం వాళ్ళకు భారం కాదు, గౌరవం.

గంటల సర్టిఫికెట్ తీసుకోండి, సంకోచం అక్కర్లేదు. దానితో పాటు మీ బైబిల్లో ఒక కాగితం పెట్టుకుని, ఈ ఏడాది మీకు స్నేహితులైనవాళ్ళ పేర్లు రాసుకుని, వాళ్ళకోసం ప్రార్థించండి. ఏడాది చివర యూత్ మీటింగులో గంటల లెక్క చెప్పేటప్పుడు ఆ పేర్లు కూడా చదవండి.

తమిళ దేశం నుంచి వచ్చి, ముప్పై అయిదేళ్ళ వయసులో మన అక్షరాలు దిద్ది, మన తాతలకు స్నేహితుడైన మనిషి కోసం దేవునికి స్తోత్రం చెల్లిద్దాం. మనం ఉంటున్న దేశంలో మన పిల్లలు కూడా అలాంటి స్నేహితులుగా ఉండేలా ప్రభువు వారిని వాడుకొనును గాక. ఆమేన్.